మెక్సికో బీచ్ ఊళ్ళో రిటైరైన బాబాయి వాళ్ళింటికి చుట్టపుచూపుగా వెళ్ళడం ఎలా?

మా బాబాయి, పిన్ని హ్యూస్టన్‌లో ముప్ఫై ఏళ్ళు ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఏటా నవంబరులో సామాను సర్దుకుని మెక్సికో వెళ్ళి, ఏప్రిల్ దాకా అక్కడే ఉంటున్నారు. ఊరి పేరు బుసెరీయాస్. పసిఫిక్ ఒడ్డున, బందేరాస్ అఖాతం వంపులో, పుయెర్తో వయార్తాకి ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చలికాలం రాగానే కెనడా, అమెరికాల నుంచి రిటైరైనవాళ్ళు కొల్లేటికి పక్షులు దిగినట్టు అక్కడ దిగుతారు.

మొదటిసారి నేను రిసార్టుకి వెళ్ళినట్టు వెళ్ళాను. పొద్దున పదింటికి లేవడం, "ఇవాళ ఎక్కడికి వెళ్దాం బాబాయ్?" అనడం. నాలుగో రోజుకి ఆయన మొహంలో అలసట కనిపించింది. సెలవులో ఉన్నది నేను, వాళ్ళు కాదు. వాళ్ళకి అది కాపురం చేసే ఇల్లు. మంగళవారం స్పానిష్ క్లాసు ఉంటుంది, గురువారం గ్యాస్ బండి వస్తుంది, మధ్యాహ్నం ఒక కునుకు ఉంటుంది. ఆ సంగతి గుర్తుంచుకుని ప్లాన్ చేసుకుంటే మిగతావన్నీ తేలికే. మూడుసార్లు వెళ్ళొచ్చాక నాకు తెలిసింది ఇది.

తేదీలు వాళ్ళని అడిగాకే టికెట్ కొనండి

డిసెంబరు నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఆ అఖాతంలోకి వచ్చేదీ అప్పుడే. ఒక్కోరోజు ఒడ్డున కూర్చున్నా దూరంగా అవి ఎగరడం కనిపిస్తుంది. అందుకే ఆ నెలల్లో మీ ఒక్కరికే కాదు, చుట్టాలందరికీ బాబాయి గుర్తొస్తాడు. క్రిస్మస్ వారం, ఈస్టర్ ముందు వారం మాత్రం వద్దు. మెక్సికో వాళ్ళు కూడా కుటుంబాలతో సముద్రానికి వచ్చేస్తారు, రోడ్డు మీద బండి కదలదు.

నా ఓటు జనవరి ఆఖరికి. జనవరి 24 శాంతిమాత పండుగ. ఆ ఊరి జాతర అదే. జాలర్లు మేరీమాతని పడవల మీద ఊరేగిస్తారు. మన గంగమ్మ జాతర చూసినవాళ్ళకి కొత్తగా అనిపించదు.

జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, ఉక్కపోత, తుఫాన్ల భయం. 2023 అక్టోబరు 10న లిడియా తుఫాను పుయెర్తో వయార్తాకి దక్షిణాన తీరం దాటింది. అప్పుడు టికెట్లు చవకగా దొరికేది ఊరికే కాదు.

టైము గురించి చిన్న మాట. బుసెరీయాస్ నయరీత్ రాష్ట్రంలో ఉంది, మనం దిగే పుయెర్తో వయార్తా ఎయిర్‌పోర్టు హలీస్కో రాష్ట్రంలో ఉంది. మధ్యలో అమేకా నది సరిహద్దు. ఒకప్పుడు నది దాటితే గడియారం గంట వెనక్కి తిప్పాల్సి వచ్చేది, ఫ్లైట్లు మిస్సయ్యేవి. 2010లో ఈ ప్రాంతం వరకూ వయార్తా టైమే పెట్టుకున్నారు. 2022 నుంచి అక్కడ గడియారం ముందుకీ వెనక్కీ జరపడం కూడా మానేశారు. చలికాలంలో మా డాలస్ టైమే ఉంటుంది, వేసవిలో డాలస్ ఒక గంట ముందుంటుంది.

కాగితాలు: ఎవరి సంగతి వాళ్ళది

అమెరికా పాస్‌పోర్టు ఉంటే వీసా అక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి గ్రీన్‌కార్డు గానీ, గడువు మిగిలిన అమెరికా వీసా గానీ ఉంటే మెక్సికో వీసా అడగరు. కెనడా, యూకే, జపాన్, షెంగెన్ వీసాలకీ ఇదే వర్తిస్తుంది.

చిక్కంతా హెచ్1బీ స్టాంపు గడువు అయిపోయినవాళ్ళకి. ఐ-797 కాగితం (హెచ్1బీకి అమెరికా ఇచ్చే ఆమోద పత్రం) చూపిస్తే మెక్సికో వాళ్ళు ఒప్పుకోరు, ముందే వాళ్ళ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. తిరుగు ప్రయాణానికి 30 రోజుల్లోపు వచ్చేస్తే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉంటే, పాత స్టాంపుతోనే అమెరికాలోకి రానిచ్చే రూలు ఒకటుంది. అయితే మెక్సికోలో ఉండగా కొత్త స్టాంపింగ్‌కి అప్లై చేశారో, ఆ దారి మూసుకుపోయినట్టే. గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా కదలొద్దు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్దామనుకుంటే, వాళ్ళ విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయితే సరిపోతుంది. మెక్సికో వెళ్ళొస్తే అమెరికాలో ఆరు నెలలు మళ్ళీ మొదటి నుంచి లెక్క అనే మాట మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. దాన్ని నమ్ముకుని ఇండియా టికెట్ జరపకండి.

ఇమిగ్రేషన్ దగ్గర పాస్‌పోర్టులో స్టాంపు వేసి ఎన్ని రోజులో రాస్తారు. 180 దాకా ఇవ్వొచ్చు, ఇంతే ఇవ్వాలని లేదు. కౌంటర్ దగ్గరే ఆ అంకె చూసుకోండి. మనవల్ని తాతా బామ్మలతో పంపేటప్పుడు అమ్మానాన్నలిద్దరూ సంతకం పెట్టి నోటరీ చేయించిన ఉత్తరం ఇవ్వండి.

ఏం తీసుకెళ్ళాలి, ఏం తీసుకెళ్ళకూడదు

"ఏం తేను?" అని అడిగితే పిన్ని "ఏం వద్దురా, మీరు రండి చాలు" అంటుంది. నమ్మకండి. రెండోసారి ఫోన్ చేసి ఒక్కో పేరూ అడగండి. ఇంగువ ఉందా, సాంబారు పొడి ఉందా, కళ్ళజోడు సరిచేయించాలా, హ్యూస్టన్ ఇంటి అడ్రసుకి వచ్చిన ఉత్తరాలు తేవాలా. పోయినసారి వాళ్ళకి నిజంగా కావలసిందేమిటంటే ఒక మిక్సీ జార్. పచ్చడి నూరడానికి అక్కడి బ్లెండర్ పనికిరాలేదట. ఆ ముక్క మూడో ఫోన్‌లో బయటపడింది.

ఇంట్లో చేసిన తిండి మెక్సికో కస్టమ్స్ వాళ్ళు రానివ్వరు. ఇది నేను తేలిగ్గా తీసుకున్నాను. అమ్మ గుంటూరు నుంచి పంపిన ఆవకాయని స్టీలు డబ్బాలో పెట్టి, మూతకి టేపు చుట్టి, మూడు కవర్లలో పెట్టి తీసుకెళ్ళాను. బ్యాగు తెరిచిన ఆవిడ డబ్బా మూత తీసి, వాసన చూసి, నా వైపు కాస్త జాలిగా చూసి పక్కన పెట్టేసింది. ఇంటికెళ్ళగానే పిన్ని మొదటి ప్రశ్న, "ఆవకాయ ఏదిరా?" కొట్లో కొన్నది, సీలు తీయనిది, లేబుల్ ఉన్నది అయితేనే పెట్టుకోండి, ఫారంలో తిండి ఉందని రాయండి. మొలకెత్తే గింజల మీద వాళ్ళ కన్ను ఎక్కువ. అందుకే నేను పొడులే తీసుకెళ్తున్నాను.

జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉన్నవి అక్కడ నిషేధం. డబ్బా మీద చదివి చూసుకోండి. వేపింగ్ పెన్నులూ వద్దు. వాటిని దేశంలోకి తేవడమే నేరం.

ఇంట్లో దిగాలా, పక్కన గది తీసుకోవాలా

పిన్ని "ఇంట్లోనే ఉండండి" అంటుంది. అనకుండా ఉండదు. కానీ వాళ్ళది రెండు గదుల ఫ్లాటు, మీరు పిల్లలతో నలుగురు. రెండు వీధుల అవతల ఒక గది అద్దెకి తీసుకుని, పొద్దున టిఫిన్ దగ్గర నుంచి రాత్రి భోజనం దాకా వాళ్ళతో ఉంటే ఇద్దరికీ సుఖం. ఒక్కరో ఇద్దరో అయితే ఇంట్లోనే ఉండండి, వాళ్ళకీ ఇష్టం.

ఏసీ సంగతి మాత్రం గుర్తుంచుకోండి. అక్కడి కరెంటు బిల్లు మన స్లాబుల పద్ధతిలాంటిదే. వాడకం ఏడాది సగటున ఒక హద్దు దాటిందా, ఇల్లు సబ్సిడీ లేని రేటులోకి పోతుంది. చుట్టాలు వెళ్ళిపోయాక కూడా ఆ రేటు కొన్ని నెలలు వదలదు. జనవరి రాత్రుళ్ళు కిటికీ తెరిస్తే ఫ్యాను చాలు.

ఎయిర్‌పోర్టులో దిగాక తల వంచుకుని నడవండి

డాలస్ నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం. కస్టమ్స్ దాటాక తలుపులు తెరుచుకుంటాయి, ఎదురుగా ఒక పెద్ద హాలు. అటూ ఇటూ కౌంటర్లు, మెడలో బ్యాడ్జీలు వేసుకున్నవాళ్ళు. "మీ టాక్సీ ఇటు సార్", "మీ పేరు చెప్పండి, లిస్టులో చూస్తా", "ఫ్రీ రైడ్". వీళ్ళు టాక్సీవాళ్ళు కాదు, టైమ్‌షేర్, అంటే ఏడాదికి కొన్ని రోజులు వాడుకునే రిసార్టు వాటాలు అమ్మేవాళ్ళు. మొదటిసారి నేను ఆగాను. ఫ్రీ టాక్సీ, ఫ్రీ టిఫిన్, పడవ షికారు అన్నారు. మర్నాడు "గంటన్నర మీటింగ్" అన్నది ఐదు గంటలైంది. ముగ్గురు మనుషులు మారారు, ప్రతివాడూ కొత్త రేటు కాగితం మీద గీశాడు. ఇంట్లో పిన్ని చేసిన పులిహోర చల్లారిపోయింది. ఆ హాలులో ఎవరు పలకరించినా "నో, గ్రాసియాస్" అంటూ బయటికి నడవడమే.

పెద్దవాళ్ళు, బరువైన సామాను ఉంటే ఎయిర్‌పోర్టు టాక్సీ కౌంటర్‌లో టికెట్ కొనుక్కోండి. రేటు ప్రాంతాన్ని బట్టి ముందే రాసి ఉంటుంది. చిన్న బ్యాగే అయితే బయటికొచ్చి హైవే మీది నడక వంతెన ఎక్కి అవతలికి వెళ్ళండి. అక్కడ టాక్సీ, ఉబర్ చవక. బుసెరీయాస్ బస్సూ అక్కడే ఆగుతుంది. టాక్సీలకి మీటర్లు ఉండవు, రేటు తేలాకే ఎక్కండి. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి బాబాయిని మాత్రం రమ్మనకండి. వస్తానంటాడు, కానీ 200వ నంబరు హైవే మీద సాయంత్రం ట్రాఫిక్‌లో డెబ్భై దాటిన మనిషిని కూర్చోబెట్టడం బావుండదు.

కారు అద్దెకి తీసుకుంటే, ఆన్‌లైన్‌లో కనిపించిన రేటుకి కౌంటర్ దగ్గర థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కలుస్తుంది. అది తప్పనిసరి, మీ అమెరికా పాలసీ అక్కడ చెల్లదు. ఇంకో తిరకాసు. ఆ హైవే మీద చాలాచోట్ల ఎడమకి తిరగాలంటే ముందు కుడి పక్క సర్వీసు రోడ్డులోకి దిగి, అక్కడ ఎడమ బాణం లైటు పడ్డాక తిరగాలి. స్పీడ్ బ్రేకర్లకి రంగు ఉండదు. ఆ విషయంలో మాత్రం సొంత ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

ఇంటి పద్ధతులు

కుళాయి నీళ్ళు తాగరు. 20 లీటర్ల క్యాను వస్తుంది, మన వాటర్ క్యానే, వాళ్ళు గర్రఫోన్ అంటారు. క్యాను ఖాళీ అయితే ఎత్తి పెట్టేది మీరే. ఆ బరువు బాబాయి నడుముకి మంచిది కాదని మీకు వేరే చెప్పాలా? కొన్ని ఇళ్ళలో టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయరు, పక్కనున్న బుట్టలో వేయాలి. దిగిన రోజే అడిగేయండి, తర్వాత ప్లంబర్ ఖర్చు కన్నా ఆ సిగ్గే నయం.

నయరీత్ తేళ్ళకి విషం ఎక్కువ. బూట్లు వేసుకునే ముందు దులపండి, రాత్రి లేస్తే లైటు వేయండి. దోమల మందు పగలు కూడా రాసుకోండి, డెంగీ దోమ పగలే కుడుతుంది.

తెల్లవారుజామున కోళ్ళు, పండగ రోజుల్లో టపాకాయలు, గ్యాస్ బండి పాట. ఇంకో బండి వస్తుంది, మైకులో ఒక చిన్నపిల్ల గొంతు సాగదీస్తూ ఏదో అరుస్తుంది. ఏమిటా అని అడిగితే బాబాయి నవ్వాడు. "పాత పరుపులు, ఫ్రిజ్‌లు, స్టవ్‌లు కొంటాం" అనట. మన పాత ఇనప సామాన్ల ఆటో.

తిండి: ఇక్కడ మనవాళ్ళకి ఇబ్బంది లేదు, ఒక్క మెలిక తప్ప

శాకాహారులైతే "మాంసం లేకుండా" అంటే సరిపోదు. చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు కలుపుతారు, దాని పేరు మాంతేకా. ఎర్ర అన్నం కోడి రసంతో వండుతారు. అందుకని "సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో" అని రెండూ చెప్పండి. పిన్ని ఈ మాట ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకుంది, హోటల్ కుర్రాడికి చూపిస్తుంది. చీజ్ పెట్టి కాల్చిన రొట్టె కెసదీయా, క్రీములో వండిన మిరపకాయ చీలికలు, నోపాల్ అనే ముళ్ళు తీసిన కాక్టస్ కూర, కారం నిమ్మరసం వేసిన మొక్కజొన్న కంకి, వీటితో వారం గడిచిపోతుంది.

మార్కెట్‌కి పిన్నితో ఒకసారి వెళ్ళండి. బెంగుళూరు వంకాయ అక్కడ చయోతె. అది పుట్టిందే మెక్సికోలో. మన సీమచింత కూడా అక్కడి చెట్టే, గ్వామూచిల్ అంటారు. చింతపండు గుట్టలుగా పోసి ఉంటుంది, పేరు తమరిందో. హోటళ్ళలో ఎర్రగా, పుల్లగా ఒక చల్లటి నీళ్ళు ఇస్తారు, హమైకా. ఎర్ర గోంగూర కాయల మీది రేకలు ఎండబెట్టి నానేస్తే వచ్చే రంగు అది. పిన్ని ఆ రేకల్ని ఉడకబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి నూరి పచ్చడి చేసింది. గోంగూర కాదు, కానీ కళ్ళు మూసుకుంటే దగ్గరదగ్గరగా అదే. మిక్సీ జార్ ఎందుకు అడిగిందో నాకప్పుడు అర్థమైంది.

డబ్బు విషయంలో మూడు మాటలు. పెసోల్లోనే ఇవ్వండి. ఏటీఎం "డాలర్లలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, ఆ రేటు దండగ. సూపర్ బజార్‌లో సంచులు సర్దే ముసలివాళ్ళకి జీతం ఉండదు, కొన్ని పెసోలు చేతిలో పెట్టండి.

సముద్రం

మెక్సికోలో బీచ్ అందరిదీ. ఎంత పెద్ద హోటలున్నా ఒడ్డు మీద నడవనివ్వాల్సిందే. నీళ్ళలోకి దిగేటప్పుడు జెండా చూడండి. ఎర్రది ఉంటే దిగొద్దు. లోతు తక్కువ చోట ఇసకలో టేకు చేపలు (స్టింగ్‌రేలు) పడుకుని ఉంటాయి. అడుగు ఎత్తి వేయకుండా కాళ్ళు ఈడ్చుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఆదివారం పక్క ఊరు లా క్రూస్‌లో పడవల రేవు దగ్గర సంత ఉంటుంది, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. బాబాయి వాళ్ళు ఎలాగూ వెళ్తారు, వాళ్ళతోనే వెళ్ళండి. సయులీతా ఊరు, మరియేతా దీవులు లాంటివి మీ అంతట మీరు వెళ్ళి రండి. అక్కడ తోపులాట ఎక్కువ, పెద్దవాళ్ళు మీకోసమే వస్తారు తప్ప ఇష్టంతో కాదు.

ఒక సాయంత్రం ఈ పని చేయండి

ఎవరూ ఎత్తని విషయం ఇది. అమెరికా మెడికేర్ (పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్సు) మెక్సికోలో వైద్యానికి దాదాపుగా డబ్బు కట్టదు. కాబట్టి బాబాయికి గుండె నొప్పి వస్తే ఏ ఆస్పత్రికి, ఏ ఇన్సూరెన్సుతో, ఎవరు తీసుకెళ్తారు? భోజనమయ్యాక బాల్కనీలో కూర్చుని మెల్లగా అడగండి. నేను అడిగినప్పుడు ఆయన మొదట "అప్పుడే పంపించేస్తావేంట్రా" అన్నాడు. తర్వాత లేచి వెళ్ళి ఒక పాత స్వీట్ బాక్స్ తెచ్చాడు. కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. సగం స్పానిష్‌లో.

అన్నీ ఫోటో తీసుకోండి: పాస్‌పోర్టులు, రెసిడెంట్ కార్డు ఉంటే అది, ఇన్సూరెన్సు, రోజూ వేసుకునే మందుల అసలు పేర్లు, పక్కింటివాళ్ళ నంబరు, ఇంటి తాళం ఇంకొకటి ఎవరి దగ్గరుందో. ఇల్లు సొంతమైతే ఇంకో కాగితం ఉంటుంది. సముద్రానికి 50 కిలోమీటర్ల లోపు విదేశీయుల పేరున నేరుగా ఇల్లు ఉండకూడదు. బ్యాంకు ట్రస్టులో ఉంటుంది, దాన్ని ఫిదెయికోమీసో అంటారు, 50 ఏళ్ళకి రాస్తారు, పొడిగించుకోవచ్చు. వాళ్ళ తర్వాత ఎవరికి చెందాలో ఆ పత్రంలోనే రాయవచ్చు. రాశారా లేదా చూడండి. అత్యవసరానికి అక్కడా నంబరు 911.

ఆ ఊరి గాలి తగిలి మీకూ అక్కడ స్థలం కొనాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. ఎహీదో భూమి అని ఎవరైనా చవగ్గా చూపిస్తే నోటరీని అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అది ఊరుమ్మడి భూమి, మన అసైన్డ్ భూముల గొడవలాంటిదే.

బయల్దేరేటప్పుడు

వెళ్ళే ముందు అమెరికా విదేశాంగ శాఖ రాష్ట్రాలవారీగా పెట్టే హెచ్చరికలు ఒకసారి చూడండి. హలీస్కోకి ఒకటి, నయరీత్‌కి ఒకటి విడిగా ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు పచ్చి పండ్లు పెట్టుకోకండి, తిండి ఏదున్నా అమెరికా కస్టమ్స్ వాళ్ళకి చెప్పండి. నేను సీలు వేసిన హమైకా రేకల ప్యాకెట్ తెచ్చుకున్నాను, చెప్పాను, వదిలేశారు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్లైటైతే మూడున్నర గంటల ముందే ఇంట్లోంచి కదలండి, బీచ్ నుంచి తిరిగెళ్ళే బళ్ళతో హైవే నిండిపోతుంది. కదిలే ముందు దుప్పట్లు ఉతికి ఆరేయండి, నిండు నీళ్ళ క్యాను స్టాండు మీదికి ఎక్కించండి. టాక్సీ వచ్చేదాకా పిన్ని వచ్చే ఏడాదికి ఏం తేవాలో చెబుతూనే ఉంటుంది. ఈసారి ఫోన్‌లో రాసుకోండి.